రూతు గ్రంథం నాలుగు వారాల్లో: ఇంటి కూడికలో బోధించే పద్ధతి

ఇంటి కూడికలో మొదటిసారి బైబిల్ స్టడీ నడిపేవారికి రూతు గ్రంథం మంచి ఎంపిక. మోయాబు దేశంలో భర్తను పోగొట్టుకున్న రూతు, అత్త నయోమి వెంట బేత్లెహేముకు వచ్చి, మామవైపు బంధువైన బోయజు పొలంలో వెన్నులు ఏరుకుని, చివరికి అతన్ని పెళ్లాడే కథ ఇది. నాలుగు అధ్యాయాలు, మొత్తం 85 వచనాలు. వారానికో అధ్యాయం చొప్పున నెలలో అయిపోతుంది. కరవు, వలస, వైధవ్యం, అత్తాకోడళ్లు, పొలంలో కూలి, ఆస్తి పంచాయితీ... ఇవేవీ మనకు వివరించి చెప్పాల్సిన సంగతులు కావు. చిక్కు కూడా అక్కడే ఉంది. కథ అందరికీ తెలుసుననుకుని వాక్యం చూడకుండానే సందేశంలోకి దూకేస్తాం.

మొదటి వారానికి ముందు ఒక రోజు కూర్చుని, గ్రంథమంతా ఒకే విడతలో పైకి చదవండి. ఇరవై నిమిషాలు చాలు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, మళ్లీ మళ్లీ వచ్చే మాటల కింద గీత గీయండి. మూడోసారి దేవుడు స్వయంగా ఫలానా పని చేశాడని కథకుడే చెప్పిన చోట్లు గుర్తించండి. పాత్రలు దేవుని పేరు చాలాసార్లు ఎత్తుతారు, కథకుడు మాత్రం రెండే చోట్ల చెబుతాడు: తన జనులకు ఆహారమిచ్చాడని 1:6లో, రూతు గర్భవతి అయ్యేలా చేశాడని 4:13లో. మిగతాదంతా మనుషుల మాటల్లో, చేతల్లో, 'అనుకోకుండా' జరిగినట్టు కనిపించే వాటిలో నడుస్తుంది. ఈ ఒక్క సంగతి మీరు ముందే చూసి ఉంటే నాలుగు వారాల బోధకు వెన్నెముక దొరికినట్టే.

వ్యాఖ్యాన గ్రంథాలు ఈ మూడు చదువుల తర్వాతే తెరవండి. ముందే తెరిస్తే మీ కళ్లు వాటికి కనిపించినదే చూస్తాయి.

కూడిక మొత్తం 70 నిమిషాలు అనుకోండి. పాట, ప్రార్థనకు 10. అధ్యాయం చదవడానికి 5. వాక్యంలో ఏముందో చూడటానికి 25. దాన్ని జీవితానికి అన్వయించడానికి 15. విన్నపాలు, ముగింపు ప్రార్థనకు 15. ఈ లెక్కలో సాధారణంగా కొట్టుకుపోయేది ఆ 25 నిమిషాలే. పాటలు పొడుగవుతాయి, సాక్ష్యాలు మొదలవుతాయి, వాక్యానికి పది నిమిషాలు మిగులుతాయి. వాచీ చూసుకునే పని ఒకరికి అప్పగించండి. సంఖ్య పన్నెండు దాటితే 'చూసే' భాగానికి రెండు గుంపులు చేయండి. లేకపోతే ఎప్పుడూ మాట్లాడే నలుగురే మాట్లాడతారు.

ఈ గ్రంథంలో సగానికి పైగా సంభాషణే కనుక, చదివేటప్పుడు పాత్రలు పంచండి: కథకుడు, నయోమి, రూతు, బోయజు, మిగిలినవారు. చదవడం సరిగా రానివారిని ఇబ్బంది పెట్టకుండా ముందురోజే అడిగి ఒప్పించుకోండి. పాత అనువాదంలోని గ్రాంథికం యువతకు కష్టం కాబట్టి దాన్నొకసారి, వాడుక భాషలో ఉన్న అనువాదాన్నొకసారి చదివించవచ్చు. పాతదాన్ని మాత్రం వదలకండి. అందులోని కొన్ని మాటలు తెలుగు నేలకు బాగా దగ్గరగా ఉన్నాయి.

ఉదాహరణకు 'పరిగె'. కోత కోసేవారి వెనక రాలిపడిన వెన్నులు ఏరుకోవడం. వరి పండే ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లకు ఇది చేతులారా తెలిసిన పని. రెండో అధ్యాయం రోజు, ఎవరైనా పరిగె ఏరి ఉంటే చెప్పమనండి. ఎండ, నడుం నొప్పి, పొలం ఆసామి కసురు... ఇవి వాళ్ల నోట వస్తే రూతు రోజు ఎలా గడిచిందో అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత లేవీయకాండము 19:9-10 చదివించండి. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని అక్కడ ఆజ్ఞ. అది బిచ్చం కాదు, ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు. అయినా ఆ హక్కు అందేది ఆసామి మనసును బట్టే. అందుకే రూతు 'ఎవని కటాక్షము పొందగలనో' అంటుంది.

అదే అధ్యాయంలో 17వ వచనం దగ్గర ఒక లెక్క వేయించండి. రూతు దుళ్లగొట్టగా దాదాపు 'తూమెడు' యవలయ్యాయని మన అనువాదం. గ్రంథం మూలభాష హెబ్రీలో అది ఏఫా, సుమారు 22 లీటర్లు. నిర్గమకాండము 16లో మన్నా (ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం) ఒక మనిషికి రోజుకు ఓమెరు చొప్పున ఏరుకున్నారు, ఓమెరు ఏఫాలో పదోవంతు. అంటే ఇద్దరు ఆడవాళ్లకు ఐదు రోజుల తిండి, ఒక్కరోజు పరిగెతో. పనల్లోంచి కావాలని పిడికెళ్లు లాగి పడేయమని 16వ వచనంలో బోయజు తన పనివాళ్లకు ఎందుకు చెప్పాడో ఈ లెక్కతో అర్థమవుతుంది. నయోమి ఎందుకంత ఆశ్చర్యపోయిందో కూడా.

ప్రశ్నలు తయారుచేసుకోవడంలో ఒక నియమం పెట్టుకోండి. మొదటి ప్రశ్నలన్నిటికీ జవాబు వచనంలో వేలు పెట్టి చూపించగలిగేలా ఉండాలి. 'ఈ భాగం మీకేం నేర్పుతోంది?' అని మొదలుపెడితే 'దేవుడు నమ్మదగినవాడు' అనే జవాబే వస్తుంది. నిజమే, కానీ దానికి రూతు గ్రంథం తెరవనక్కరలేదు. '1:21లో నయోమి తన గురించి వాడిన మాటలేమిటి? ఆమె అలా అన్నప్పుడు పక్కన ఎవరున్నారు?' అని అడగండి. తాను రిక్తురాలిగా, అంటే ఏమీ లేనిదానిగా తిరిగొచ్చానంటోంది, పక్కన రూతు నిలబడే ఉంది. ఆ జవాబు ఎవరో ఒకరి నోట రాగానే గదిలో కాసేపు మాట ఉండదు. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి.

అనువాదంలో దాగిపోయే మాటలు కొన్ని మీరే చెప్పాలి. మూడు చాలు, అంతకంటే ఎక్కువైతే పాఠం హెబ్రీ క్లాసు అయిపోతుంది.

మొదటిది హెసెద్, అంటే ఒప్పందానికీ బంధుత్వానికీ కట్టుబడి, బాధ్యతను మించి చూపే దయ. ఇది మూడుసార్లు వస్తుంది. పాత అనువాదంలో 1:8లో దయ అని, 2:20లో ఉపకారం అని, 3:10లో సత్ప్రవర్తన అని మూడు వేరు మాటలుగా కనిపిస్తుంది. మూడు చోట్లా పక్కన 'హెసెద్' అని రాసుకోమనండి. దేవుడు చూపేదీ రూతు చూపేదీ ఒకే మాటతో చెప్పారని అప్పుడే తెలుస్తుంది.

రెండోది కానాఫ్. 2:12లో యెహోవా 'రెక్కల' కింద ఆశ్రయానికి వచ్చావని బోయజు దీవిస్తాడు. 3:9లో నీ 'కొంగు' నా మీద కప్పు అని రూతు అడుగుతుంది. హెబ్రీలో రెండూ ఒకే మాట. 'నువ్వు చేసిన ప్రార్థనకు జవాబు నువ్వే కావాలి' అన్నట్టుంది ఆమె అడగడం. కొంగుముడి తెలిసిన మనకు అది పెళ్లి మాట అని వేరే చెప్పక్కర్లేదు.

మూడోది నాలుగో అధ్యాయంలో, బోయజు కంటే దగ్గరివాడైన, పేరులేని బంధువు. పాత అనువాదంలో బోయజు అతన్ని 'ఓయి' అని పిలుస్తాడు. హెబ్రీలో ఉన్నది 'పెలోనీ అల్మోనీ'. ఉర్దూ మీదుగా అరబీ నుంచి మనకొచ్చిన 'ఫలానా' ఆ పెలోనీకి చుట్టమే. తన స్వాస్థ్యం (వారసత్వ ఆస్తి) పోతుందేమోనని భయపడి వెనక్కి తగ్గినవాడు గ్రంథంలో ఫలానా ఆయనగానే మిగిలాడు.

ఇక తప్పులు ఎక్కడ జరుగుతాయో చూద్దాం. మొదటి వారంలోనే పెద్ద ప్రమాదం ఉంది. నయోమి భర్త ఎలీమెలెకు మోయాబుకు వెళ్లినందుకే దేవుడు శిక్షించి చంపాడని చాలామంది గట్టిగా బోధిస్తారు. వాక్యంలో ఆ మాట లేదు. కరవు వచ్చింది, వెళ్లారు, చనిపోయారు, అంతే రాసి ఉంది. మీ గదిలో భర్తను పోగొట్టుకున్న సోదరి, గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి ఉండవచ్చు. వాక్యం వేయని నింద మీరు వేయకూడదు. నయోమి మరో కోడలు ఓర్పాను తిట్టడమూ అంతే. ఆమె ఏడ్చింది, అత్తను ముద్దుపెట్టుకుంది, అత్త మాట విని వెళ్లింది. కథకుడు ఆమెను తప్పుపట్టలేదు. ఆమె పక్కన రూతు ఎంత ఎక్కువ చేసిందో చూపించడానికే ఆమె ఉంది.

నయోమి చేదును కూడా తొందరపడి సరిదిద్దకండి. 'మారా (చేదు) అని పిలవండి' అన్నప్పుడు ఆమెను ఎవరూ మందలించలేదు. విశ్వాసి అలా మాట్లాడకూడదని మీరంటే, అలా మాట్లాడాలనిపించేవాళ్లు మీ కూడికకు ఇక రారు.

1:16-17 పెళ్లిళ్లలో చదువుతారు, బాగానే ఉంటుంది. కానీ ఒక కోడలు అత్తతో అన్న మాటలవి అని గుర్తుచేయండి. కోడళ్లకు పాఠం చెప్పడానికి దీన్ని కర్రలా వాడకండి. 'వెళ్లిపొండి' అని నయోమి కోడళ్లకు విడుదల ఇచ్చాకే రూతు ఉండిపోయింది.

మూడో అధ్యాయం యువత ఉన్న కూడికలో బోధకుణ్ణి తడబెడుతుంది. దాటేయకండి, గుసగుసల్లోకీ దిగకండి. రాత్రి కళ్లం దగ్గరికి వెళ్లడం రూతు పేరుకు ప్రమాదం. ఆమె అడిగింది పెళ్లి. బోయజు ఆమెను 'యోగ్యురాలవు' అన్నాడు, ఆమె వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదని జాగ్రత్తపడ్డాడు, తనకంటే దగ్గర బంధువు ఉన్నాడని దాచకుండా చెప్పాడు. ఈ మూడూ వచనాల్లో చూపించండి. అన్వయం దానంతటదే వస్తుంది.

బోయజును క్రీస్తుకు ఛాయగా చూపడం సంఘాల్లో బాగా అలవాటైన బోధ, దానికి ఆధారమూ ఉంది. కాకపోతే నాలుగో వారం దాకా ఆగండి. ముందే చెబితే బోయజు మనిషిగా చేసిన పనులు ఎవరికీ కనబడవు. ముందు లేవీయకాండము 25:25 చదివి, సమీప బంధువు భూమిని విడిపించడమంటే ఏమిటో, అతని చేతి డబ్బు ఎలా ఖర్చవుతుందో తెలియనివ్వండి. అప్పుడు 'విమోచకుడు' అనే మాటకు బరువు వస్తుంది. యేసు వంశావళిలో, మత్తయి 1:5లో ఉన్న రూతు పేరు ఆ రోజే తీయండి. దానితోపాటు ద్వితీయోపదేశకాండము 23:3 కూడా. మోయాబీయులు సమాజంలో చేరకూడదన్న మాట పక్కన దావీదు ముత్తవ్వ మోయాబీయురాలు! ఎవరైనా 'ఇదెలా కుదురుతుంది?' అని అడిగితే హడావిడిగా సర్దిచెప్పకండి. ఆ రెండు వచనాలూ వారం పాటు వాళ్ల దగ్గర ఉండనివ్వండి.

అన్వయానికి ఒక పని ఇవ్వండి, పదికాదు. రెండో వారానికి, తమ సంపాదనలో 'కోయకుండా వదిలే అంచు' ఏదో ఒక్కొక్కరూ ఆలోచించి రావాలి. కౌలు రైతుకు, ఇంట్లో పనిచేసే మనిషికి జీతమిచ్చే గృహిణికి, ఐటీ ఉద్యోగికి అది వేరువేరుగా ఉంటుంది. ఎవరు ఎంత అని గదిలో అడగకండి.

ఆఖరి రోజు వంశావళిలోని పది పేర్లు పెరెసు నుంచి దావీదు దాకా ఒకరితో నెమ్మదిగా చదివించండి. తర్వాత 1:19-21ని, వెంటనే 4:14-17ని స్త్రీలందరితో కలిపి చదివించండి. బేత్లెహేములో ఆనాడు 'ఈమె నయోమియేనా?' అని అడిగింది స్త్రీలే. ఇప్పుడు ఆమె ఒడిలో బిడ్డను చూసి, ఏడుగురు కొడుకుల కంటే ఎక్కువైన కోడలు ఇతన్ని కన్నదని అంటున్నదీ స్త్రీలే. నయోమి తాను రిక్తురాలినన్న రోజు పక్కనే నిలబడి ఉన్న మనిషి గురించే వాళ్లు ఇప్పుడు మాట్లాడుతున్నారు.