25 వేలల్లో ట్రెడ్‌మిల్ కొనాలంటే ఏం చూడాలి, ఏం వదిలేయాలి

ట్రెడ్‌మిల్ కొందామనుకుంటున్నా ఏది మంచిది అని ఎవరైనా అడిగితే నేను మోడల్ పేరు చెప్పను, ముందు ఒకటే అడుగుతా, నడవడానికా పరిగెత్తడానికా అని. అందరూ "రెండింటికీ" అనే అంటారు. డబ్బులు పోయేది అక్కడే. 15 నుంచి 25 వేల మధ్యలో దొరికేవి దాదాపు అన్నీ నడక మెషిన్లే, డబ్బా మీద గంటకి 12 కిలోమీటర్లు, 14 కిలోమీటర్లు అని రాసున్నా సరే. రోజూ పొద్దున్నే పావుగంటైనా పరిగెత్తే అలవాటున్నవాళ్లు ఈ రేటులో కొత్తది కొనకండి, ఇంకో 15 వేలు కూడబెట్టుకోండి లేదా సెకండ్ హ్యాండ్‌లో పెద్ద మెషిన్ చూసుకోండి, దాని గురించి కింద చెప్తా. అదే షుగర్ ఉందనో మోకాళ్లు బాగున్నప్పుడే నడుద్దామనో ఎండాకాలం బయటికి పోలేకనో కొనేవాళ్లకైతే ఈ బడ్జెట్ చాలు, నిజంగా చాలు.

ఇక హెచ్‌పీ గోల, అంటే మోటారు బలం లెక్క. నేను మొదటిసారి కొన్నది "4 హెచ్‌పీ" అని ఇంత అక్షరాల్లో రాసున్న మెషిన్, పక్కనున్నది 2 హెచ్‌పీయే, రేటు ఇంచుమించు ఒకటే, ఇంక ఆలోచించేదేముంది అని కొనేశా. అయిదో నెలలో నడుస్తుండగా స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ నంబరు వచ్చి ఆగిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఇవాళ రేపు అంటూ మూడు వారాలు తిప్పారు, చివరికి వచ్చిన కుర్రాడు ముందు మూత స్క్రూలు విప్పి చూసి "సార్ ఇది పీక్ సార్, కంటిన్యూయస్ రెండు కూడా ఉండదు" అన్నాడు. పీక్ అంటే మోటారు ఒక్క క్షణం ఎంత తోయగలదో ఆ లెక్క, కంటిన్యూయస్ అంటే అరగంట గంట ఆగకుండా ఎంత లాగగలదో ఆ లెక్క. మనకి కావాల్సింది రెండోది. నడకకి 1.5 నుంచి 2 కంటిన్యూయస్ ఉంటే బానే ఉంటుంది, జాగింగ్‌కి 2.5 పైన చూసుకోవాలి. కంటిన్యూయస్ ఎంతో ఎక్కడా రాయకుండా పీక్ ఒక్కటే రాసుంటే ఆ మెషిన్ వదిలేయండి, బాగుంటే దాచుకోరు కదా.

అయితే తప్పంతా కంపెనీదే అనలేను. ఆ కుర్రాడు బెల్టు అంచు కొంచెం పైకెత్తి కింద చెయ్యి పెట్టి రుద్ది నాకు చూపించాడు, వేళ్లకి నల్లగా పొడి అంటింది, తడి అన్నదే లేదు. "ఆయిల్ ఎప్పుడేశారు సార్?" అన్నాడు. ఆయిల్ వెయ్యాలని నాకు తెలిస్తే కదా! మెషిన్‌తో పాటు వచ్చిన చిన్న సీసా థర్మకోల్‌తో సహా అటక మీదే ఉంది. బెల్టుకీ కింద చెక్కకీ మధ్య నూనె ఆరిపోతే రాపిడి పెరుగుతుంది, దాన్ని లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఆ భారం కంట్రోలర్ బోర్డు, అంటే మోటారుకి కరెంటు పంపి స్పీడు చూసుకునే సర్క్యూట్ బోర్డు మీద పడి అది మాడిపోతుంది. నాది అదే అయింది. అందుకే రోజూ వాడేవాళ్లు రెండు నెలలకోసారైనా బెల్టు కింద చెయ్యి పెట్టి చూసుకోండి, పొడిగా ఉంటే సిలికాన్ ఆయిల్ వెయ్యండి. సిలికానే వెయ్యాలి, ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనో కుట్టుమిషన్ నూనో పోస్తే బెల్టు పాడవుతుంది.

బెల్టు సైజు చాలామంది చూడరు కానీ రోజూ మనకి తెలిసేది అదే. నడకకి వెడల్పు కనీసం 40 సెంటీమీటర్లు, పొడవు 110 ఉండాలి, మనిషి ఆరడుగులకి దగ్గర్లో ఉంటే ఇంకాస్త పొడవు కావాలి, జాగింగ్‌కైతే 45, 125 కంటే తగ్గకూడదు. మరీ సన్నగా ఉంటే పక్కనున్న ప్లాస్టిక్ పట్టీ మీద అడుగు పడుతుందేమో అని కిందకి చూస్తూ నడుస్తారు, పది రోజులకి మెడనొప్పి. షాపుకి వెళ్లే వీలుంటే వెళ్లి ఎక్కండి, మామూలుగా నడిచే చెప్పులో బూట్లో వేసుకునే ఎక్కండి, అయిదు నిమిషాలు నడవండి, సేల్స్‌మన్ మొహమాటపెట్టినా దిగొద్దు. పాదం పడ్డప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం ఆగి కదిలినట్టు అనిపిస్తే ఆ మోటారు మీ బరువుకి చాలట్లేదు, లేదంటే బెల్టు వదులుగా ఉంది. మనిషి బరువు లిమిట్ కూడా అంతే, 100 కిలోలు అని రాసుంటే 80 కిలోల వాళ్లకి అనుకోండి.

స్క్రీను, బ్లూటూత్ స్పీకరు, యాప్, మసాజరు, సిటప్స్ బారు, ఇవన్నీ ధర పెంచడానికే. మసాజరు బెల్టు ఉన్న మెషిన్ మా బావమరిది ఇంట్లో ఉంది, దాన్ని నెల తర్వాత ఎవరూ ముట్టుకోగా నేను చూడలేదు. టైము, స్పీడు, దూరం కనిపిస్తే చాలు. కేలరీల నంబరైతే అస్సలు నమ్మొద్దు, చాలావాటికి మీ బరువెంతో తెలీదు. ఎత్తు పెంచే సౌకర్యం అంటే ఇంక్లైన్, ఈ రేటులో చేత్తో మార్చుకునేదే వస్తుంది, మెషిన్ ఆపి దిగి వెనకాల పిన్ను మార్చాలి, ఒకసారి పెట్టుకుని అలా వదిలేస్తారు, ఉంటే మంచిదే కానీ దానికోసం డబ్బులు ఎక్కువ పెట్టక్కర్లేదు.

వాకింగ్ ప్యాడ్‌లు, అంటే పట్టుకునే రాడ్డు లేకుండా మంచం కిందకి పోయేంత పలచగా ఉండే నడక మెషిన్లు కూడా ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. చిన్న ఫ్లాట్‌కి, లాప్‌టాప్ ముందు పెట్టుకుని మెల్లగా నడిచేవాళ్లకి మంచివే, చాలావాటిలో స్పీడు గంటకి 6 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది, అది తప్పేం కాదు, చురుగ్గా నడిచే స్పీడే అది. కానీ అమ్మానాన్నల కోసమైతే వద్దు. పట్టుకోడానికి రాడ్డు లేకుండా అరవై దాటినవాళ్లని కదిలే బెల్టు మీద నిలబెట్టడం నాకు భయం, వాళ్లకి రెండు పక్కలా పొడుగ్గా హ్యాండిల్ ఉన్నదే కొనండి.

ఇప్పుడు ఇల్లు. ఆర్డర్ పెట్టకముందే మెషిన్ పొడవు వెడల్పు చూసుకుని నేల మీద న్యూస్‌పేపర్లు పరిచి చూడండి, వెనకాల అయిదారడుగులు ఖాళీ ఉండాలి, గోడకి ఆనించి పెడితే జారినప్పుడు మనిషి గోడకీ బెల్టుకీ మధ్య ఇరుక్కుంటాడు. పైన ఫ్యాను చూడండి, ఇది నవ్వులాట కాదు, మెషిన్ ఎక్కగానే మన ఎత్తు అరడుగు దాకా పెరుగుతుంది, చెమట తుడుచుకుందామని తువ్వాలు ఎత్తితే సరిగ్గా రెక్కల దగ్గరికే పోతుంది. ఫ్యాను ఎదురుగానో పక్కగానో ఉండాలి గానీ నెత్తిమీద కాదు. బాల్కనీలో పెట్టొద్దు, దుమ్ము, జల్లు, వైజాగ్ కాకినాడ వైపైతే ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి. అపార్ట్‌మెంట్ అయితే కింద మందపాటి రబ్బరు మ్యాటు వెయ్యండి, కింద ఫ్లోరు వాళ్లకి వినపడేది మోటారు చప్పుడు కాదు, మన అడుగుల దబదబ.

ప్లగ్ విషయం ఎలక్ట్రీషియన్‌ని ఒకసారి పిలిచి చూపించుకోవడం మంచిది. ఏసీకి వాడే పెద్ద ప్లగ్ పాయింట్‌లో నేరుగా పెట్టండి, ఫోన్ చార్జర్లు గుచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొద్దు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే హ్యాండిల్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఇన్వర్టర్ లైనుకి అసలు కలపొద్దు. కరెంటు బిల్లు భయం మాత్రం అక్కర్లేదు, ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, 2 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద రోజూ అరగంట తిరిగిందనుకున్నా నెలకి 22, 23 యూనిట్లు, నడకకి అంత కూడా లాగదు.

వారంటీ కాగితంలో "మోటారు 3 సంవత్సరాలు" అని బోల్డుగా ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో బెల్టు, బోర్డు, బెల్టుని తిప్పే రోలర్లకి ఎంతో చదవండి, ఎక్కువగా పోయేవి అవే. మీ పిన్‌కోడ్‌కి మనిషి ఇంటికొచ్చి చూస్తాడా, వస్తే విజిట్ చార్జీ ఎంత, ఇవి కొనకముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి. ఆ ఫోన్ ఎత్తడానికే ఇరవై నిమిషాలు పట్టిందంటే అర్థం చేసుకోండి. హైదరాబాద్, విజయవాడలో పర్లేదు కానీ చిన్న ఊళ్లల్లో ఉన్నవాళ్లకి నేనైతే వెయ్యి రెండువేలు ఎక్కువైనా ఊళ్లో షాపులోనే కొనమంటా, రేపు పాడైతే వెళ్లి కూర్చోడానికి ఒక కుర్చీ ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ గురించి. కొత్తలో 50, 60 వేలు పెట్టి కొని ఆర్నెల్లు కూడా వాడనివి సగం ధరకి దొరుకుతాయి, నా రెండో మెషిన్ అలా తెచ్చుకున్నదే. వెళ్లినప్పుడు బిల్లు అడగండి, వాళ్లు ముందే ఆన్ చేసి ఉంచితే ఆపించి చల్లారాక మళ్లీ మొదలుపెట్టించండి. బెల్టు అంచులు పోగులు లేచాయా, ఒక పక్కకే జరుగుతోందా చూడండి, కాస్త జరగడం మామూలే, వెనకాల రెండు బోల్టుల్లో బెల్టు జరుగుతున్న వైపుదాన్ని అలెన్ కీతో (ఆరు పలకల తాళం) పావు తిప్పు బిగిస్తే సరిపోతుంది. పదిహేను నిమిషాలు నడిచాక ముందు మూత దగ్గర ముక్కు పెట్టండి, కాలిన వాసనొస్తే టీ తాగి వచ్చేయండి. రవాణా ఖర్చు కూడా లెక్కేసుకోండి, 60 కిలోల మెషిన్ లిఫ్టులో పట్టక నాలుగో అంతస్తుకి మెట్ల మీద ఎక్కించడానికి ఇద్దరు మనుషులకి నేనిచ్చింది కొన్న ధరలో పదో వంతు.

కొత్తదైతే వచ్చినరోజే అన్ని స్పీడుల్లో ఒక అరగంట నడిపించి వీడియో తీసుకోండి, రిటర్న్ గడువు అయ్యేదాకా అట్టపెట్టె పారేయొద్దు. ఎర్ర తాడుతో ఒక సేఫ్టీ కీ వస్తుంది, నడిచేటప్పుడు దాని క్లిప్పు చొక్కాకి పెట్టుకోండి, పడితే మెషిన్ ఆగుతుంది. నడక అయిపోగానే ఆ కీ పీకేసి ఫ్రిజ్ పైన పెట్టేయండి, పిల్లలకి అందకుండా.