పొలంలోకి లైను వస్తే – 4వ పాఠం: నోటీసులో సంవత్సరం, రశీదులో వాక్యం

పోయిన పాఠం చివర ఒక అభ్యంతర పత్రం నమూనా ఇచ్చాను. అది గ్యాస్, పెట్రోలు పైప్‌లైన్లకు పనికొచ్చేది. ఆ సంగతి ఒక్క లైనులో చెప్పి ముందుకెళ్లిపోయాను. ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. చాలామంది ఆ కాగితాన్నే కరెంటు టవర్ లైనుకు పంపారు. "21 రోజుల్లోపు అభ్యంతరం పెట్టాను, అయినా జేసీబీ దిగింది, ఇదెలా కుదురుతుంది?" అని అడిగినవాళ్లున్నారు. ఒకాయన అయితే అభ్యంతరం ఇచ్చాను కదా అనే ధైర్యంతో పనికి అడ్డంగా నిలబడి, సాయంత్రం దాకా పోలీస్ స్టేషన్లో కూర్చోవాల్సి వచ్చింది. అందుకే ఈ వారం చెప్పాలనుకున్న రూటు మార్పు పాఠాన్ని పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

నోటీసు చేతికి రాగానే నేను చేసే మొదటి పని అందులో సంవత్సరం వెతకడం. కంపెనీ పేరు, బొమ్మ, సీలు తర్వాత చూసుకోవచ్చు. ఏ చట్టం కింద వస్తున్నారో ఆ సంవత్సరం చెబుతుంది. మీకున్న హక్కులన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

1962 అని ఉంటే అది పెట్రోలియం, ఖనిజాల పైప్‌లైన్ల చట్టం. పోయిన పాఠం నమూనా దీనికే. సెక్షన్ 3(1) నోటిఫికేషన్ (ఈ భూమిలో వాడుక హక్కు తీసుకోబోతున్నామన్న ప్రభుత్వ ప్రకటన) తేదీ నుంచి 21 రోజుల్లోపు కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ పనికి నియమించిన అధికారికి, రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. ఆయన మీ మాట వినాలి. మీరు వెళ్లలేకపోతే మీ వకీలు వెళ్లవచ్చు. కాగితం మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క అనుకుని తీరిగ్గా ఉండొద్దు, నోటిఫికేషన్ తేదీ నుంచే రోజులు లెక్కపెట్టుకోండి. ఈ చట్టంలో భూమి మీ పేరు మీదే ఉంటుంది. కంపెనీకి దక్కేది వాడుక హక్కు మాత్రమే. జరిగిన నష్టానికి పరిహారంతో పాటు, ఆ వాడుక హక్కు కింద నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. ఆ మొత్తం సరిపోదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు.

పైపు పూడ్చాక దాని మీద వరి, మినుము ఏదైనా వేసుకోవచ్చు. కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి రైతుకు ఈ మూడోది పెద్ద విషయంగా అనిపించదు. కోనసీమలో కొబ్బరి తోట ఉన్న రైతుకు మాత్రం అదే అసలు నష్టం. కొట్టేసిన చెట్ల ఖరీదు ఇస్తారు గానీ, ఆ వరుసలో మళ్లీ మొక్క పెట్టలేరు. అభ్యంతరంలో ఈ సంగతి స్పష్టంగా రాయండి. ఎన్ని చెట్లున్నాయో, వాటి వయసెంతో, కాపు ఎంతో రాయండి. ఇక లైను పడ్డాక నిషేధాలను తేలిగ్గా తీసుకోకండి. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ లైను పేలి జరిగిన ఘోరం మనందరికీ గుర్తుంది. లీకు వాసన వస్తే మోటారు స్విచ్ కూడా వేయకుండా దూరంగా వెళ్లి ఫోన్ చేయండి.

1885 అని గానీ, "విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 164" అని గానీ ఉంటే అది హైటెన్షన్ టవర్ లైను. సెక్షన్ 164 కింద లైను వేసేవాళ్లకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఇస్తారు. ఇక్కడ ముందస్తు అనుమతి అడగాలన్న నియమం లేదు. పవర్‌గ్రిడ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఆ మాట తేల్చి చెప్పింది. పాత టెలిగ్రాఫ్ చట్టం రద్దయింది కదా అని కొందరు నాతో వాదించారు. నిజమే, 2023 టెలికాం చట్టం దాన్ని రద్దు చేయాలని చెబుతోంది. కానీ కరెంటు లైన్ల కోసం అందులోని మూడో భాగాన్ని అలాగే ఉంచింది. కాబట్టి ఆ వాదనతో కోర్టుకెళ్లి డబ్బు పోగొట్టుకోకండి.

మీరు అడ్డుకుంటే వాళ్లు టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 16(1) కింద కలెక్టర్ దగ్గరికి వెళ్తారు. జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో ఆయన పని సాగనివ్వమని ఆర్డర్ ఇచ్చాక కూడా అడ్డుపడితే అది నేరం. స్టేషన్లో కూర్చున్న ఆ పెద్దమనిషికి జరిగింది ఇదే. ఆయన ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ ధైర్యాన్ని సరైన చోట పెట్టి ఉంటే బాగుండేది. ఈ చట్టంలో మీ బలమంతా సెక్షన్ 10లో ఉంది. కంపెనీకి భూమి మీద వాడుక హక్కు తప్ప మరే హక్కూ రాదు. వీలైనంత తక్కువ నష్టంతో పని చేయాలి. నష్టపోయిన ప్రతి ఒక్కరికీ పూర్తి పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం చాలదనుకుంటే 16(3) కింద జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వేసుకోవచ్చు. ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు. పని సాగనివ్వాలా వద్దా అనేది కలెక్టర్ చూస్తారు, డబ్బు చాలదన్న తగాదా జడ్జి చూస్తారు. కలెక్టరేట్‌లో పరిహారం పెంచమని పదిసార్లు అర్జీ పెట్టినా అది కోర్టు పిటిషన్‌తో సమానం కాదు.

మూడో రకం మన ఊళ్లలో రోజూ చూసే 11 కేవీ లైన్లు, సిమెంటు స్తంభాలు. వీటికి వర్తించేవి 2006 నాటి వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ రూల్స్, అంటే లైసెన్సు ఉన్న కరెంటు సంస్థలు చేసే పనుల నియమాలు. ఇక్కడ మాత్రం మీ సమ్మతి కావాలి. మీరు వద్దంటే డిస్కమ్ (ఇళ్లకు, పొలాలకు కరెంటు ఇచ్చే సంస్థ) వాళ్లు కలెక్టర్ దగ్గర రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. అప్పుడు ఆయన పరిహారం గానీ, ఏటా అద్దె గానీ, రెండూ గానీ నిర్ణయించవచ్చు. ఏటా అద్దె అనే మాట రూల్‌లో ఉందని చెబితే లైన్‌మన్ కూడా నమ్మడు. అయినా అడగండి. అడిగే ముందు ఒక్క విషయం మాత్రం రాతపూర్వకంగా తెలుసుకోండి: ఆ లైనుకు సెక్షన్ 164 అధికారం ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఈ రూల్ వర్తించదు, మళ్లీ టవర్ లైను పద్ధతే.

1బి, అడంగల్, పాసుపుస్తకం కాపీలు తీసుకోవడం మీకు తెలిసిందే కాబట్టి దాని గురించి చెప్పను. ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) మాత్రం తప్పనిసరిగా తెచ్చుకోండి, తెలంగాణలో అయితే టిప్పన్. కిందటి పాఠాల్లో దాన్ని వదిలేసినవాళ్లకు ఇప్పుడు లెక్కలు కుదరవు.

ఇక లెక్క. 66 కేవీ, అంతకంటే పెద్ద టవర్ లైన్లకు కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలున్నాయి. 2015లో టవర్ చోటుకు భూమి విలువలో 85 శాతం అన్నారు, తీగల కింద కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం. 2024 జూన్‌లో దాన్ని టవర్ చోటుకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం చేశారు. టవర్ చోటు అంటే నాలుగు కాళ్ల మధ్య చోటుకు తోడు నాలుగు వైపులా మరో మీటరు. ఇవి మార్గదర్శకాలు. రాష్ట్రం తన ఆర్డర్ ద్వారా అమలు చేస్తుంది కాబట్టి, మీ లైనుకు ఏ ఆర్డర్ వర్తిస్తుందో దాని కాపీ ఇమ్మని రాసి అడగండి.

ఎకరా 20 లక్షలు అనుకుందాం, అంటే సెంటు 20 వేలు. రామయ్య పొలంలో టవర్ పడింది. కాలికీ కాలికీ మధ్య 12 మీటర్లు. అటూ ఇటూ మీటరు కలిపితే 14. పద్నాలుగు పద్నాలుగుల 196 చదరపు మీటర్లు, అంటే 4.84 సెంట్లు. 200 శాతం చొప్పున రూ. 1,93,600.

పక్క పొలం సుబ్బమ్మది. ఆమె పొలంలో టవర్ లేదు. 400 కేవీ తీగలు 120 మీటర్ల పొడవున పైనుంచి పోతున్నాయి. ఆ వోల్టేజీకి కారిడార్ వెడల్పు సాధారణంగా 46 మీటర్లు. 46ను 120తో హెచ్చిస్తే 5,520 చదరపు మీటర్లు, అంటే 136.4 సెంట్లు, ఎకరా ముప్పై ఆరు సెంట్ల పైమాట. 30 శాతం చొప్పున రూ. 8,18,400.

మరోసారి చూడండి. టవర్ పడిన చోటుకు వచ్చింది రెండు లక్షల లోపు. తీగ మాత్రమే పోయిన పొలానికి ఎనిమిది లక్షల పైచిలుకు. ఊళ్లో అందరూ టవర్ పడిన రామయ్యను చూసి జాలిపడతారు. సుబ్బమ్మ "నా పొలంలో ఏం పడలేదులే" అని ఊరుకుంటుంది. రామయ్య కూడా తన పొలం మీదుగా పోయే తీగల కారిడార్ సంగతి మరిచి, టవర్ డబ్బు తీసుకుని ఇంటికెళ్తాడు. ఈ లెక్క తెలియక పోగొట్టుకున్న డబ్బు తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

భూమి విలువ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ఒక్కటే కాదు. 2024 మార్గదర్శకం ప్రకారం మార్కెట్ ధర దానికంటే ఎక్కువుంటే కలెక్టర్ ఆ ధరను బట్టి విలువ నిర్ణయించాలి. మీ చుట్టుపక్కల సర్వే నంబర్లలో ఇటీవల జరిగిన రిజిస్ట్రేషన్ల నకళ్లు నాలుగైనా పట్టుకెళ్లండి. ఒక్క మాట మరవకండి. శాతాలు వచ్చాయి కదా అని అక్కడే ఆగిపోనక్కర్లేదు. 2007లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు పరిహారానికి చూడాల్సినవి చెప్పింది: భూమి ఎక్కడుంది, లైను పొలం మధ్యగా పోతోందా అంచున పోతోందా, చిన్న కమతం మీదుగా పోతోందా అని. మూడెకరాల చెక్క నడిమధ్య గీత గీసినట్టు లైను పోతే, మిగిలిన రెండు ముక్కల విలువ కూడా పడిపోతుంది. పిటిషన్‌లో ఆ సంగతి రాయాలి.

ఇప్పుడు రశీదు. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

మా నాన్నగారి పొలంలో పునాది తవ్వినప్పుడు వేరుశెనగ పంట పోయింది. కాంట్రాక్టరు మనిషి చెక్కుతో పాటు ఒక అచ్చు కాగితం తెచ్చాడు. పంట నష్టం అని పైన పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో "ఈ లైను విషయమై నాకు రావలసిన మొత్తం పరిహారం ముట్టినది, ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయను." నాన్న చదివారు. పంట గురించే కదా అనుకుని సంతకం చేశారు. తర్వాత కారిడార్ డబ్బు అడిగిన ప్రతిసారీ వాళ్లు ఆ కాగితమే ముందుపెట్టారు. నేను ఈ పాఠాలు మొదలుపెట్టిందే ఆ ఒక్క వాక్యం వల్ల.

టవర్ లైనుకు మూడు రకాల డబ్బు వేర్వేరుగా వస్తుంది: పంటలు, చెట్ల నష్టం ఒకటి, టవర్ చోటు విలువ రెండు, కారిడార్ విలువ మూడు. పంట నష్టం కూడా ఒక్కసారితో పోదు. పునాది వేసేటప్పుడు ఒకసారి, టవర్ నిలబెట్టేటప్పుడు ఇంకోసారి, తీగ లాగేటప్పుడు మరోసారి పంట తొక్కుతారు. పునాది జూన్‌లో, తీగ జనవరిలో అయితే పోయేవి రెండు వేర్వేరు పంటలు. మొదటి చెక్కుకే "మొత్తం ముట్టింది" అని రాసిస్తే మిగతావన్నీ అడగకుండానే పోతాయి.

తెల్ల కాగితం మీద సంతకం అడిగితే ఇవ్వకండి. తేదీ వేయని పంచనామా మీదా వద్దు. ఇంగ్లిష్‌లో ఉంటే చదివి చెప్పించుకునే వరకూ వద్దు. "ఫార్మాలిటీ అండీ, అందరూ పెట్టారు" అంటే ఆ అందరి సంతకాలూ చూపించమనండి. చెక్కు కావాలంటే సంతకం తప్పదంటే, సంతకానికి పైన మీ చేతిరాతతో ఇలా రాయండి: "ఈ తేదీన, ఈ సర్వే నంబరులో, పునాది పని వల్ల జరిగిన పంట నష్టం కింద మాత్రమే అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను. టవర్ స్థలం, కారిడార్, ఇకముందు జరిగే నష్టాలపై నా హక్కు అలాగే ఉంది." అచ్చులో ఉన్న "మొత్తం ముట్టినది" వాక్యాన్ని కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టండి. వెంటనే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కొట్టివేత ఉంటే చెక్కు ఇవ్వం అని వాళ్లంటే వెనక్కి తీసుకెళ్లనివ్వండి. మర్నాడే ఆ సంగతి రాసి, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో పంపితే చాలదా అని అడుగుతారు. నేను ఎప్పుడూ పోస్టే చేస్తాను. పోస్టాఫీసు రశీదు కోర్టులో పనికొచ్చినంత సులువుగా బ్లూ టిక్ పనికిరాదు.

కౌలు రైతుల సంగతి ప్రత్యేకం. చట్టం "నష్టపోయిన అందరికీ" అంటోంది గానీ పట్టాదారుకు మాత్రమే అనలేదు. పంట కౌలు రైతుదైతే పంట నష్టం అతనిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద తీసుకున్న 11 నెలల సాగు హక్కు పత్రం ఉంటే దాని నకలు జత చేయండి. ఎవరికి ఎంత అన్న తగాదా వస్తే కంపెనీ ఆ డబ్బును జిల్లా జడ్జి కోర్టులో జమ చేస్తుంది, వాటాలు అక్కడ తేలుతాయి. పట్టాదారులు దయచేసి ఆ చెక్కు మీ ఖాతాలో వేసుకుని ఊరుకోకండి.

ఇంటి పని. గట్టు మీద కూర్చుని చేయలేరు, పొలంలోకి దిగాలి. 50 మీటర్ల టేపు, ఇంకో మనిషి కావాలి. ఎఫ్ఎంబీ మీద లైను మధ్యగీత గీయండి. 132 కేవీ అయితే 27, 400 అయితే 46 మీటర్ల పట్టీని గీతకు రెండు వైపులా సగం సగం పెట్టండి. సర్వే రాళ్ల నుంచి దూరాలు మూడుసార్లు కొలిచి, మూడు అంకెలూ రాయండి. ప్రతి ఫోటోలోనూ సర్వే రాయి కనిపించాలి. ఆ పట్టీలో ఉన్న ప్రతి చెట్టుకూ నంబరు వేయండి. లైను రాకముందే ఉన్న చెట్టుకు పరిహారం వస్తుంది, తర్వాత పెరిగిన దానికి రాదు. అందుకే తేదీ పడిన ఫోటోలు ఇప్పుడే కావాలి. తర్వాత సెంట్లలో లెక్క వేసి, 2015 శాతాలతో ఒకటి, 2024 శాతాలతో ఒకటి, రెండు మొత్తాలు రాసి ఉంచండి. ఒక చదరపు మీటరు తప్పినా పర్లేదు, కొలిచిన తేదీ మాత్రం తప్పకూడదు.

లైను ఇంకా పెగ్‌లు పాతే దశలోనే ఉన్నవాళ్లు ఈ స్కెచ్ రెండు కాపీలు తీసి ఉంచండి. వచ్చే పాఠంలో టవర్‌ను పొలం నడుమ నుంచి గట్టు మీదికి జరపమని అడిగే ఉత్తరం రాస్తాం, దానికి మొదటి జత కాగితం ఇదే.