పాత లారీ ఆయిల్ తాగుతోందా? ముందు బ్రీదర్ చూడండి

టెక్కలి నుంచి గ్రానైట్ వేసుకుని తిరిగే మా పాత లారీ, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కిందంటే చాలు, ట్రిప్పుకి లీటరు పైనే ఆయిల్ తాగేసేది. పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ విప్పాల్సిందే అన్నారు. తీరా చూస్తే బ్రీదర్‌లో (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయే దారి) జాలీ నల్లగా, జిగటగా పూడుకుపోయి ఉంది, పైపేమో మెత్తబడి వంపు దగ్గర నొక్కుకుపోయింది. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగే గ్యాస్‌కి దారి లేకపోతే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్‌ని సీళ్లలోంచి బయటికి తోసేస్తుంది.

జాలీని డీజిల్‌లో కడిగి ఆరబెట్టాం. కంపెనీ పైపు కంటే కాస్త లావుది, ఆయిల్‌కి తట్టుకునే రబ్బరుది వేసి, మధ్యలో ఆయిల్ పట్టే చిన్న డబ్బా పెట్టాం. ఆ డబ్బాని అప్పుడప్పుడు ఖాళీ చేయాలి, మరిచిపోతే మళ్లీ మొదటికే! ఇప్పుడు ఆయిల్ పోయడం సగానికి తగ్గింది.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, అక్కడే వదులుగా బోర్లించండి. అది గెంతుతుంటే లోపల ప్రెషర్ ఎక్కువున్నట్టే. బ్రీదర్ శుభ్రం చేశాక కూడా మూత గెంతుతుంటే రింగుల మీదే అనుమానం, పైపు మార్చి లాభం లేదు.