మూసలో మార్చినా వర్గం మారలేదా?

2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లాను విడదీశాక తెవికీలో (తెలుగు వికీపీడియాలో) ఇంకా ఆ పేజీలు సరిచేస్తున్న మనవాళ్ల కోసం. మూసలో (చాలా పేజీల్లో ఒకేసారి వాడే టెంప్లేటులో) వర్గం మార్చాక చోడవరం పేజీ అడుగున అనకాపల్లి జిల్లా వర్గం కనిపిస్తుంది, వర్గం పేజీలో మాత్రం చోడవరం ఉండదు! మూసను మళ్లీ కెలక్కండి, అది బాగానే ఉంది. మార్పు జాబ్ క్యూలో (సర్వర్ ఒక్కొక్కటిగా చేసే పనుల వరుసలో) వంతు కోసం ఆగింది, అంతే. మూసను పదేపదే సేవ్ చేస్తే క్యూ ఇంకా పెరుగుతుంది. పర్జ్ కొట్టినా (దాచి ఉంచిన పాత కాపీని తీసేయించినా) పేజీ మళ్లీ తయారవుతుంది గానీ వర్గం జాబితా కదలదు.

అర్జెంటైతే చోడవరం పేజీనే తెరిచి, ఒక్క అక్షరమూ ముట్టకుండా ప్రచురించండి. సోర్సు ఎడిటర్‌లోనే సుమా, విజువల్‌ ఎడిటర్‌లో ఏమీ మార్చకపోతే ఆ బటన్ పనిచేయదు. వర్గంలో పేరు చేరుతుంది, చరిత్రలో దిద్దుబాటు నమోదవదు.