హాంకాంగ్‌లో వాన రోజున రేవును చూడటం ఎలా?

హాంకాంగ్‌లో ఏడాదికి సగటున 2,400 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అందులో దాదాపు 80 శాతం మే, సెప్టెంబరు నెలల మధ్యనే పడుతుంది. మన పిల్లల వేసవి సెలవులు కొంతవరకు ఆ నెలల్లోకే వస్తాయి కాబట్టి, అక్కడికి వెళ్ళే తెలుగు కుటుంబాలు వానకు సిద్ధపడే వెళ్ళాలి. అయితే వాన పడుతోందని హోటల్ గదిలో కూర్చుండిపోవలసిన అవసరం లేదు. ఆ నగరంలో పైకప్పు ఉన్న కాలిదారులు చాలా ఉన్నాయి. ఏది ఎక్కడ కలుస్తుందో ముందే తెలుసుకుంటే గొడుగు పెద్దగా విప్పకుండానే సగం రోజు తిరగవచ్చు.

బయలుదేరే ముందు అక్కడి వాతావరణ సంస్థ అయిన హాంకాంగ్ అబ్జర్వేటరీ వారి యాప్ చూడటం అలవాటు చేసుకోవాలి. వాన హెచ్చరికలు మూడు రంగుల్లో ఉంటాయి. గంటకు 30 మిల్లీమీటర్లు దాటితే అంబర్ (ముదురు పసుపు), 50 దాటితే ఎరుపు, 70 దాటితే నలుపు. అంబర్ ఉన్నప్పుడు జాగ్రత్తగా తిరగవచ్చు. ఎరుపు వస్తే కొండదారులు, వాగుల ఒడ్డులు మానుకోవాలి. నలుపు వస్తే ఏ భవనంలో ఉన్నారో అక్కడే ఆగిపోవాలి. ఈ మాటను తేలికగా తీసుకోవద్దు. 2023 సెప్టెంబరు 7 రాత్రి ఒక్క గంటలోనే 158.1 మిల్లీమీటర్ల వాన కురిసి వీధులు, మెట్రో స్టేషన్లు నీట మునిగాయి. తుఫాను హెచ్చరికలు వేరుగా ఉంటాయి. విశాఖ, కాకినాడ రేవుల్లో ఎగరేసే నంబర్లకు అలవాటుపడినవారు ఇక్కడి నంబర్లను వాటితో పోల్చుకోకూడదు: ఇక్కడ 1, 3 తరువాత నేరుగా 8 వస్తుంది. 8 వచ్చిందంటే ఫెర్రీలు, ట్రాములు ఆగిపోతాయి. ఆ హెచ్చరిక రాబోతోందని ముందుగానే ప్రకటిస్తారు, ఆ వ్యవధిలోనే బసకు చేరుకోవాలి.

చాలామంది మొదటిరోజే నగరాన్ని పైనుంచి చూసే కొండ విక్టోరియా పీక్ ఎక్కాలనుకుంటారు. వాన రోజున డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే. మబ్బు దిగితే పైనుంచి తెల్లటి పొగ తప్ప మరేమీ కనిపించదు. దీనికి నేను పాటించే గుర్తు ఒకటుంది. ఆ కొండమీదికి తీసుకెళ్ళే పీక్ ట్రామ్ పై స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 396 మీటర్ల ఎత్తున ఉంటుంది. రేవు ఒడ్డున ఉన్న రెండో ఐఎఫ్‌సీ (ఇంటర్నేషనల్ ఫైనాన్స్ సెంటర్) భవనం ఎత్తు 412 మీటర్లు. అంటే రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు. రేవుకు అవతల, కౌలూన్ వైపున్న సిమ్‌షాచూయ్ ఒడ్డున నిలబడి చూసినప్పుడు ఆ భవనం కొస మబ్బులో కలిసిపోయి ఉంటే, పీక్‌ను మరో రోజుకు వాయిదా వేసుకోవాలి.

దానికి బదులు సిమ్‌షాచూయ్ జెట్టీలో స్టార్ ఫెర్రీ ఎక్కండి. దోరాబ్జీ నౌరోజీ అనే పార్సీ వ్యాపారి 19వ శతాబ్దంలో ప్రారంభించిన సేవ ఇది. మన దేశం నుంచి వెళ్ళిన మనిషి వేసిన దారిలోనే నేటికీ జనం హార్బర్ దాటుతున్నారు. ఈ పడవలకు రెండు కొనలూ ఒకే తీరుగా ఉంటాయి కనుక వాటిని వెనక్కి తిప్పరు. బల్లకున్న చెక్క వీపును పట్టుకుని అటునుంచి ఇటు తోస్తే చాలు, మన ముఖం ప్రయాణదిశకు తిరుగుతుంది. జల్లు పక్కలనుంచి కొడుతుంది కాబట్టి మధ్యలో కూర్చోవాలి. వానలో బూడిదరంగుకు మారిన నీటిమీద ఎదురొచ్చే పడవల దీపాలు మసకగా కనిపించే ఆ పది నిమిషాలు, నా మటుకు నాకు, ఎండరోజు ప్రయాణం కంటే మేలైనవి.

ఫెర్రీ ఎదుటి ఒడ్డున, హాంకాంగ్ దీవిమీద ఉన్న సెంట్రల్ అనే ప్రాంతంలోని 7వ జెట్టీకి చేరుతుంది. పక్కనే 8వ జెట్టీలో మారిటైమ్ మ్యూజియం ఉంది. ఎదుట హార్బర్‌ను చూస్తూనే లోపల దాని చరిత్రను తెలుసుకోవచ్చు. అక్కడినుంచి పైకప్పున్న వంతెనల మీదుగా ఐఎఫ్‌సీ మాల్‌లోకి, ఆపై 1939 నాటి సెంట్రల్ మార్కెట్ భవనంలోకి నడిచి వెళ్ళవచ్చు. ఆ భవనం దగ్గరే మిడ్-లెవెల్స్ ఎస్కలేటర్ మొదలవుతుంది. దాదాపు 800 మీటర్ల పొడవున, కప్పు కిందనే కొండమీదికి సాగే ఈ వరుస ఉదయం 10 గంటల వరకు కిందికి, ఆ తరువాత పైకి నడుస్తుంది. కాబట్టి 10 దాటాకే వెళ్ళాలి. దారిలో ఒక వంతెన తైక్వున్‌లోకి చేరుస్తుంది. ఒకప్పటి పోలీసు ఠాణా, న్యాయస్థానం, జైలు కలిసిన ఆ ప్రాంగణాన్ని 2018లో సందర్శకులకు తెరిచారు. పాత జైలు గదుల్లోకి వెళ్ళి చూడవచ్చు. ఇక్కడ ఒక గంటైనా ఆగాలి.

కౌలూన్ వైపు ఉండిపోతే మ్యూజియాలున్నాయి, కానీ సెలవు దినాలు వేరువేరు: ఎం ప్లస్‌కు సోమవారం, ప్యాలెస్ మ్యూజియానికి మంగళవారం, మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు గురువారం.

కాళ్ళకు జారని చెప్పులు వేసుకోవాలి. తడిసిన నున్నని బండలమీద బూట్లు కూడా జారతాయి. మాల్స్‌లో ఏసీ చల్లదనం ఎక్కువ, తడిబట్టలతో వెళితే వణుకు పుడుతుంది కాబట్టి పిల్లలకు ఒక శాలువా, పొడి మేజోళ్ళు సంచిలో ఉంచుకోవాలి. శాకాహారులు నాథన్ రోడ్డులోని చుంకింగ్ మాన్షన్స్‌లో మన దేశపు భోజనం వెతుక్కోవచ్చు.

సాయంత్రానికి వాన తెరిపిస్తే మళ్ళీ సిమ్‌షాచూయ్ ఒడ్డుకు వెళ్ళండి. రాత్రి 8 గంటలకు ఎదుటి భవనాల మీద దీపాల ప్రదర్శన ఉంటుంది. 3వ నంబరు లేదా అంతకు పైబడిన తుఫాను హెచ్చరిక గాని, ఎరుపు లేదా నలుపు వాన హెచ్చరిక గాని ఉంటే దానిని రద్దు చేస్తారు; బయలుదేరేముందు యాప్ మరోసారి చూసుకోవాలి.