రివాల్వర్ పోటీకి తూటాలు నింపేటప్పుడు
అమెరికాలో రివాల్వర్ పోటీలకు దిగేవారిలో చాలామంది పేలిన ఇత్తడి గుల్లలనే తిరిగి నింపుకొని వాడతారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం కనుక, ఈ సూచనలు అక్కడ స్థిరపడిన తెలుగువారి కోసమే.

.38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా గుల్ల పందొమ్మిదో శతాబ్దం చివర, పొగ బాగా వచ్చే నల్ల తుపాకిమందు కాలంలో పుట్టింది. నేటి పొగరాని మందు దాని అడుగున కొద్ది చోటే ఆక్రమిస్తుంది. అందువల్ల పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొంగదు, కానీ అలాంటి ఒక్క తూటా సిలిండరును, అంటే తూటాలు ఉండే తిరిగే భాగాన్ని, చీల్చగలదు. మందు కొలతను తయారీదారు ప్రచురించిన పట్టిక నుంచే తీసుకొని, కనిష్ఠ కొలతతో మొదలుపెట్టండి. బల్లపై ఒకే మందు డబ్బా ఉంచండి. మందు పోసిన గుల్లలను చెక్క పలకలో నిలబెట్టి, గుండు కూర్చే ముందు టార్చి వెలుతురులో వరుసవారీగా లోపలికి చూడండి. మందు మట్టం తేడాగా కనిపిస్తే, ఆ గుల్లను అప్పటికప్పుడే ఖాళీ చేయండి.

ప్రైమర్, అంటే గుల్ల అడుగున ఉండి దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న బిళ్ల, విషయంలో నేను కంటి కంటే వేలినే నమ్ముతాను. వేలికొసతో అడుగును తడిమితే ప్రైమర్ వెంట్రుకవాసి లోపలికి తగలాలి. బయటికి పొడుచుకొస్తే సిలిండరు రాసుకొని బిగుసుకుంటుంది. అలాంటి నిండు తూటాను మళ్లీ నొక్కకుండా పక్కన పెట్టండి.