డిస్క్ అనుకున్నాను, తీరా చూస్తే కేబుల్

పొద్దున్నే సర్వర్‌లో రెయిడ్ డిస్కుల స్థితి చూపించే ఎండీస్టాట్ ఫైల్ తెరవగానే గుండె జారింది. రెండు ‘యూ’లు (ఒక్కోటీ పనిచేస్తున్న ఒక డిస్క్‌కి గుర్తు) ఉండాల్సిన చోట ఒకటే ఉంది, పక్కన అండర్‌స్కోర్. రెయిడ్ 1లో, అంటే ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచే ఏర్పాటులో, ఒక డిస్క్ బయటికి వెళ్లిపోయింది.

ముందు బ్యాకప్ తీశాను. మిగిలిన డిస్క్ కూడా పోతే చేతిలో ఏమీ ఉండదు కదా, ఆ టెన్షన్‌తో రిపేరు చేయకూడదు.

తర్వాత డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో బయటపడ్డ డిస్క్‌ని చూశాను. రీఎలొకేటెడ్ (పాడై పక్కన పెట్టిన) సెక్టార్లు 0, పెండింగ్ (అనుమానంలో ఉన్నవి) 0. కానీ యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రం వందల్లో! ఇవి డిస్క్‌కీ కంట్రోలర్‌కీ మధ్య డేటా పాడైనప్పుడు పెరిగే లెక్క. అంటే అనుమానం కేబుల్ మీదే.

సర్వర్ ఆపి, లేబుల్ మీది సీరియల్ నంబర్ రెండుసార్లు సరిచూసుకుని, కొత్త సాటా కేబుల్ వేశాను. ఈ నంబర్ చూసుకోకుండా చెయ్యి పెట్టొద్దు, బాగున్న డిస్క్‌ని పీకేస్తారు.

రెయిడ్‌ని నడిపే కమాండ్ ఎండీఆడ్మ్‌లో యాడ్ (కొత్త డిస్క్‌గా చేర్చడం) బదులు రీ-యాడ్ (పాతదాన్నే తిరిగి చేర్చడం) ఇచ్చాను. ఏ బ్లాకులు మారాయో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ ఆన్‌లో ఉండటం వల్ల మారిన బ్లాకులే కాపీ అయ్యాయి, నిమిషాల్లో రెండు ‘యూ’లూ కనిపించాయి. బిట్‌మ్యాప్ లేకపోతే డిస్క్ మొత్తం మొదటి నుంచీ కాపీ కావాల్సిందే.

సీఆర్‌సీ లెక్క తగ్గదు, పెరగకుండా ఉంటే చాలు. వారమైంది, అక్కడే ఉంది.